రంగు రాళ్ల మధ్య నడక: ఏ రాయి మీద అడుగు ఎలా వేయాలి?

కొండదారి:
రంగు రాళ్ల ప్రాంతాలకు నడకకు వెళ్లేవాళ్లకు పనికొచ్చే సంగతులన్నీ ఒకచోట చేరితే బాగుంటుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నా ప్రశ్నలు మూడు. వాన వెలిశాక ఎన్నాళ్లు ఆగాలి? వాలుబండ మీద కాలు జారకుండా ఎలా నడవాలి? ఇరుకు లోయల్లో వరదను ముందే పసిగట్టేదెలా? ఎత్తు, ఎండ, ఫొటోల గురించి తెలిసినవాళ్లు కూడా చెప్పండి. కారణాలతో సహా రాయండి, ఊరికే "జాగ్రత్త" అంటే ఎవరికీ ఉపయోగం లేదు.

రాతిపొర:
ఎన్నాళ్లు ఆగాలో తెలియాలంటే ముందు అది ఏ రాయో తెలియాలి. రంగు చూసి రాయి గట్టిదో మెత్తదో చెప్పలేం. ఎరుపు దాదాపు ఎక్కడైనా హెమటైట్ వల్లే వస్తుంది, అంటే జేగురులో ఉండే ఇనుప ఆక్సైడ్. పసుపు, గోధుమ ఛాయలు గోథైట్ అనే మరో ఇనుప ఖనిజానివి. ఆక్సిజన్ అందక ఇనుము మరో రూపంలో మిగిలిపోతే ఆకుపచ్చ, బూడిద ఛాయలు వస్తాయి. నల్లటి మరకల్లో తరచుగా మాంగనీస్ ఉంటుంది. ఈ ఖనిజాలు కొద్దిగా ఉన్నా రాయంతా రంగు తేలుతుంది. ఎర్ర ఇసుకరాయి, ఎర్ర బంకమట్టి పక్కపక్కనే ఒకేలా కనిపించవచ్చు, కాలి కింద మాత్రం వాటికి పొంతన ఉండదు.

తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. దారిలో రాలిన పొడి చిటికెడు అరచేతిలో వేసుకుని రెండు చుక్కల నీళ్లు కలిపి నలపండి. జిగురుగా సాగి వేళ్లకు అంటుకుంటే బంకమట్టి. గరగరలాడుతూ విడిపోతే ఇసుకరాయి. ఇందుకోసం నిలబడి ఉన్న రాయిని గీకకండి, రాలింది చాలు.

బంకమట్టి కొండలకు మంచి ఉదాహరణ అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రపు పెయింటెడ్ హిల్స్. అగ్నిపర్వతపు బూడిద కాలక్రమాన బంకమట్టిగా మారినవి అవి. నల్లరేగడిని ఉబ్బించే మాంట్‌మోరిలోనైట్ జాతి ఖనిజమే అక్కడా పనిచేస్తుంది. తడిస్తే ఉబ్బి సబ్బులా జారుతుంది, చెప్పులకు ముద్దలుగా పేరుకుంటుంది. ఎండితే పైపొర పేలాలు పరిచినట్టు పగిలి ఉంటుంది. ఆ పొర మీద పడిన అడుగు చాలాకాలం చెరగదు. అలాంటి చోట తడిగా ఉన్నా పొడిగా ఉన్నా దారి దాటి కాలు పెట్టకూడదు, ఎన్నాళ్లు ఆగాలన్న ప్రశ్నే రాదు.

బండనడక:
ఇసుకరాయికి నేను చెబుతాను. తడిసిన ఇసుకరాయి బలం తగ్గుతుంది. కొన్ని రకాల్లో సగానికి పైగా పోతుంది. రేణువులను అతికించి ఉంచే బంకమట్టి, సున్నపు పదార్థం నీటికి మెత్తబడటమే కారణం. అందుకే ఇసుకరాయి ఎక్కేవాళ్లు వాన తర్వాత 24 నుంచి 72 గంటలు ఆగుతారు. నీడ, చలి, గాలి లేకపోవడం, ఇవన్నీ ఆ గడువును పెంచుతాయి.

పైకి పొడిగా కనిపిస్తే మోసపోకండి. బండ మొదట్లో ఉన్న ఇసుకను వేలితో నాలుగైదు సెంటీమీటర్లు తవ్వి చూడండి. లోపల చల్లగా, ముద్దకట్టేట్టు ఉంటే రాయి లోపలా తడి ఉందనే లెక్క.

కొండదారి:
అంటే అంతసేపూ నడక కూడా ఆపేయాలా?

బండనడక:
లేదండి. చదునైన పరుపుబండ మీద నడవొచ్చు. మానుకోవాల్సినవి పలుచని అంచులు, రెక్కల్లా పైకి లేచిన పొరలు, చేత్తో పట్టుకుని బరువు వేసే ముక్కలు. విరిగేవి అవే. ఒకసారి విరిగితే ఆ ఆకారం మళ్లీ రాదు.

పట్టు గురించి: అరికాలు మొత్తం బండకు ఆనాలి. చాలామంది భయంతో కొండవైపు ఒరుగుతారు. అప్పుడు బరువు పాదం మీద నిలువుగా పడక జారిపోతారు. నడుము పాదాల మీదే ఉండాలి. దిగేటప్పుడు మోకాళ్లు కొంచెం వంచి, వేళ్లు వాలు వైపే ఉంచి, అడుగులు చిన్నవిగా వేయండి. బండ మీద పలచగా పరుచుకున్న ఇసుక అన్నిటికంటే ప్రమాదం, రేణువులు అరికాలి కింద గుండ్రంగా దొర్లుతాయి. అడుగు వేసేముందు అరికాలికి అంటిన ఇసుకను రెండో కాలి పిక్కకేసి తుడుచుకోండి. ఎక్కడం కంటే దిగడం కష్టం కాబట్టి, దిగగలనని నమ్మకం లేని చోటు ఎక్కనే వద్దు.

బూట్ల విషయంలో లోతైన గాడులున్న గట్టి అట్టల కంటే మెత్తటి రబ్బరు, చదునైన అరికాలు ఉన్నవే బండకు బాగా అతుక్కుంటాయి. చేతికర్రల ఇనుప మొనకు రబ్బరు తొడుగు తప్పనిసరి. లేకపోతే మెత్తటి రాయి మీద తెల్లటి గీతలు, గుంటలు పడతాయి.

లోయచూపు:
వరద సంగతి. ఇరుకు లోయలో మీ నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉందని ధీమా పడకూడదు. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని దిగువ యాంటిలోప్ లోయలో 11 మంది కొట్టుకుపోయి చనిపోయారు. ఆ నీళ్లు ఎగువన ఎక్కడో కురిసిన వానవి. చుట్టూ బండనేల, నీరు ఇంకదు, పడిందంతా ఆ చీలికలోకే దూకుతుంది.

కాబట్టి చూడాల్సింది మీరు నడిచే చోటి వాతావరణ సూచన కాదు, ఆ లోయలోకి నీళ్లు పారే ఎగువ ప్రాంతమంతటిదీ. పటం మీద వాగు పుట్టినచోటి దాకా వేలితో గీసుకుంటూ పొండి. ఆ పరిధిలో ఉరుముల వాన అవకాశం ఉందంటే లోపలికి దిగకండి. దిగాక గమనించాల్సినవి: తేటనీరు ఒక్కసారిగా బురదరంగుకు మారడం, పుల్లలు, ఆకులు కొట్టుకురావడం, దూరంగా హోరు, గాలి మారడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బయటికి వచ్చేదారి వైపు పరుగెత్తాలని చూడకండి, ముందు దొరికిన ఎత్తు ఎక్కండి. గోడల మధ్య ఇరుక్కున్న దుంగలు ఏ ఎత్తులో ఉన్నాయో నడుస్తూనే చూస్తూ ఉండండి. పాత వరద అక్కడిదాకా వచ్చిందని అవి చెబుతాయి. ఆ ఎత్తు కంటే పైనే మీకు చోటు కావాలి.

ఇంకొకటి, లోతైన గోడల మధ్య ఫోన్ చూపే స్థానం తప్పుతుంది. ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి ఆలస్యంగా చేరతాయి. మలుపులు లెక్కపెట్టుకోవడమే నమ్మకం.

పచ్చిక:
రాయి గురించే రాస్తున్నారు, రాళ్ల మధ్య నేల గురించి ఎవరూ రాయలేదు. ఎడారి ప్రాంతాల్లో ఇసుక మీద నల్లగా, బొడిపెలు బొడిపెలుగా కనిపించే పొర మట్టి కాదు, ప్రాణం ఉన్నది. సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు, శైలేయాలు (లైకెన్లు), నాచు కలిసి ఇసుకను కుట్టినట్టు పట్టి ఉంచుతాయి. ఒక్క అడుగుకే నలిగిపోతుంది, తిరిగి పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. దారి లేని చోట బండ మీదో, ఎండిన వాగు ఇసుకలోనో నడవండి. రాళ్లు పేర్చి సొంత గుర్తులు కూడా పెట్టొద్దు, వెనక వచ్చేవాళ్లు వాటిని నమ్మి దారి తప్పుతారు.

ఆస్ట్రేలియాలోని పుర్నులులు జాతీయ ఉద్యానంలో రాతి గోపురాల నల్ల చారలు కూడా ఈ సయనోబ్యాక్టీరియావే. బంకమట్టి ఎక్కువున్న పొరలు తేమ పట్టి ఉంచుతాయి కనుక అక్కడ ఇవి పెరుగుతాయి. త్వరగా ఆరే పొరల మీద ఇనుప ఆక్సైడ్ పేరుకుని నారింజ రంగు వస్తుంది. ఆ పైతొక్క పలుచన, లోపలి ఇసుకరాయి చాలా మెత్తన. అందుకే వాటి మీదికి ఎక్కకూడదు.

శిఖరం:
ఎత్తు గురించి. పెరూలోని వినికుంకా అనే రంగుల కొండ 5,000 మీటర్లకు పైన ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కాస్త ఎక్కువ, అంతే. దారి చూస్తే సులువు, ఊపిరికి మాత్రం కష్టం. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకండి, మూడు నాలుగు రోజులకు ఒకరోజు అక్కడే ఆగండి. సుమారు 3,400 మీటర్ల ఎత్తున్న కుస్కోలో దిగిన మర్నాడే ఈ కొండకు బయలుదేరడం పెద్ద పొరపాటు. తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి పోకూడదు. తిన్నగా గీత మీద మడమకు వేలు ఆనిస్తూ నడవలేకపోయినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దింపాలి.

బండనడక:
దీనికి ఎండ సంగతి కలపండి. వేడిలో నడుస్తుంటే గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు చాలామందికి సరిపోతుంది. గంటకు 1.4 లీటర్లు దాటకూడదు. ఉప్పు లేకుండా నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తెచ్చుకున్న నీటిలో మూడోవంతు అయిపోగానే వెనక్కి తిరగండి. అరిజోనాలో అలల్లా మెలికలు తిరిగిన ఇసుకరాయి చోటు 'ది వేవ్' రానుపోను సుమారు 10 కిలోమీటర్లు, గుర్తుపెట్టిన దారి లేదు, నీళ్లు లేవు. రోజుకు 64 మందికి మించి అనుమతి ఇవ్వరు, అదీ లాటరీలో.

వెలుతురు:
ఫొటోలు. నడినెత్తిన ఎండలో రంగు వెలిసిపోతుంది. పొద్దు వాలిన వేళ, పలుచని మబ్బు, వాన వెలిసిన కాసేపు మంచివి. తడిరాయి ముదురుగా కనిపించడానికి కారణం పై నీటిపొర వల్ల కాంతి చెదిరి వెనక్కి రావడం తగ్గడమే. ఇరుకు లోయల్లో మాత్రం తలకిందులు: మధ్యాహ్నపు ఎండ పైగోడకు తగిలి కిందికి పరావర్తనమైతేనే లోపల నారింజ వెలుగు నిండుతుంది. వైట్ బ్యాలెన్స్ (కెమెరా రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంటే కెమెరా ఎరుపును చల్లార్చేస్తుంది, పగటి వెలుతురు దగ్గర (5,500 కెల్విన్ చుట్టూ) నిలపండి. ఎరుపు ఛానెల్ ముందుగా కాలిపోతుంది, అంటే ఎరుపులో వివరాలు పోతాయి కనుక ఎక్స్‌పోజర్ ఒక స్టాప్‌లో మూడోవంతు తగ్గించండి. నెట్‌లో కనిపించే చైనాలోని జాంగ్యే రంగు కొండల ఫొటోల్లో రంగు బాగా పెంచినవే ఎక్కువ, వాటిని చూసి వెళితే నిరాశ పడతారు. అది ప్రపంచ వారసత్వ స్థలం కదా, చెక్కదారుల మీదే నడవాలి.

రాతిపొర:
చిన్న సవరణ. 2010లో వారసత్వ జాబితాలో చేరిన 'చైనా డాన్షియా' (ఎర్రరాతి కొండల సముదాయం)లో ఉన్న ఆరు ప్రాంతాల్లో జాంగ్యే లేదు. అవి దక్షిణ చైనావి. జాంగ్యే 2020లో యునెస్కో గ్లోబల్ జియోపార్క్ అయింది. చెక్కదారి మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

కొండదారి:
అగ్నిపర్వతపు రంగు కొండల గురించి ఎవరైనా?

శిఖరం:
ఐస్‌లాండ్‌లోని లాండ్‌మన్నలాయ్‌గర్‌లో రయొలైట్ అనే అగ్నిపర్వత శిల కొండలు అలాంటివే. అక్కడ ఆవిరి వచ్చే రంధ్రాల చుట్టూ తెల్లగా, పసుపుగా మారిన నేలకు దూరంగా ఉండండి. వేడి ఆమ్లపు నీటికి రాయి మెత్తబడి మట్టి అయిపోయిన చోటు అది. పైన గట్టిగా కనిపిస్తుంది, కాలు పెడితే కింద మరిగే బురద ఉండొచ్చు. గడ్డి మొలిచిన చోటు కూడా సురక్షితమని అనుకోకండి. గుర్తు కర్రల మధ్యనే నడవండి. వాలు మీద రాతిముక్కలు వదులుగా ఉంటాయి, ఒకరి సరిగ్గా కింద ఒకరు నడవొద్దు.