టీ2–ఫ్లెయిర్ మిస్‌మ్యాచ్ సైన్‌ని తెలుగులో ఏమందాం?

అనువాదకురాలు: మెదడు కణితుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. టీ2, ఫ్లెయిర్ అనే రెండు రకాల ఎంఆర్ఐ బొమ్మల్లో ఒకే గడ్డ వేర్వేరుగా కనబడటాన్ని చెప్పే «టీ2–ఫ్లెయిర్ మిస్‌మ్యాచ్ సైన్» దగ్గర ఆగిపోయాను. «అసంగత చిహ్నం» అని రాస్తే నాకే నవ్వొచ్చింది. సలహా ఇవ్వండి.

తెలుగు మాస్టారు: పొంతన ఉండగా అసంగతం ఎందుకమ్మా? నిద్రలేమి లాగా పొంతనలేమి. సైన్‌కి లక్షణం చాలు.

రేడియాలజీ పీజీ: పొంతనలేమి బాగుంది మాస్టారూ, లక్షణం మాత్రం వద్దండీ. తలనొప్పి, ఫిట్స్ లక్షణాలు, అవి రోగి చెప్పేవి. ఇది మేం ఎంఆర్ఐలో చూసేది. టీ2లో గడ్డ దాదాపు అంతా ఒకే తీరుగా తెల్లగా ఉంటుంది. ఫ్లెయిర్‌లో అదే గడ్డ లోపలంతా నల్లబడి, అంచున సన్నటి తెల్ల గీత మిగులుతుంది. ఫ్లెయిర్ నీటి సిగ్నల్‌ని అణిచేస్తుంది కదా, గడ్డలోని సన్నసన్న నీటి తిత్తుల వల్లే ఇలా అవుతుందంటారు. 2017లో దీన్ని వర్ణించారు. పెద్దవాళ్లలో కచ్చితంగా ఇలాగే కనిపిస్తే ఐడీహెచ్ జన్యువులో మ్యుటేషన్ (మార్పు) ఉండి, 1పీ/19క్యూ అనే క్రోమోజోమ్ భాగాలు పోని ఆస్ట్రోసైటోమా (ఒక రకం మెదడు కణితి) అని గట్టిగానే అనుమానించవచ్చు. కనిపించనంత మాత్రాన కాదనలేం, ఆ రకం గడ్డల్లో చాలావాటికి ఇది రానే రాదు.

అనువాదకురాలు: పోనీ «గుర్తు» అందామా అంటే, పక్కనే ఉన్న మాలిక్యులర్ మార్కర్‌కీ (ఐడీహెచ్ మ్యుటేషన్ లాంటివాటికి) గుర్తే వాడాను. «ఈ గుర్తును బట్టి ఆ గుర్తును ఊహించవచ్చు» అని తేలింది!

రేడియాలజీ పీజీ: స్కాన్‌లోదాన్ని ఆనవాలు అనండి, కణంలోదాన్ని మార్కర్ అనే ఉంచండి. మేమూ అలాగే అంటాం. «ఊహించవచ్చు» అన్న క్రియను మాత్రం ఎడిటర్‌గారు «నిర్ధారిస్తుంది» అని మార్చకుండా చూసుకోండి. 2021 డబ్ల్యూహెచ్ఓ వర్గీకరణ ప్రకారం ఈ గడ్డకు పేరు పెట్టాలంటే ముక్క తీసి మార్కర్లు చూడాల్సిందే. పైగా అన్ని మార్కర్లూ ఇలా బొమ్మలో బయటపడవు. ఎంఆర్ఐ చూసి ఎంజీఎంటీ మిథైలేషన్ (ఆ జన్యువు మీద పడే ఒక రసాయన ముద్ర, అదీ మార్కరే) ఉందో లేదో చెప్పమని 2021లోనే బ్రాట్స్ అనే కంప్యూటర్ మోడళ్ల పోటీ పెడితే, నెగ్గిన మోడల్ ఏయూసీ (ఉన్నవాటినీ లేనివాటినీ ఎంత బాగా విడదీసిందో చెప్పే కొలత) కూడా 0.62 దగ్గరే ఆగింది. 1 అంటే తిరుగులేనట్టు, 0.5 అంటే బొమ్మా బొరుసే.

తెలుగు మాస్టారు: ఆనవాలు ఒప్పుకున్నాను. కానీ «పొంతనలేని ఆనవాలు» అని రాసేవు తల్లీ, ఆనవాలుకే పొంతన లేదని అర్థమొస్తుంది. «పొంతనలేమి ఆనవాలు» అని రాయి. మొదటిసారి వచ్చినచోట మిస్‌మ్యాచ్ సైన్ అని కూడా వేసెయ్, రిపోర్టు చేతిలో పట్టుకున్నవాళ్లు వెతికేది ఆ మాటే.