ద్రాక్ష తోటల ఈసారి గుత్తులే సగం ఉన్నయ్, మొంథా తుఫాను వానేనా కారణం?

హన్మకొండ_పందిరి:
అన్నలకు నమస్తే. మాది హన్మకొండ పక్కన ఊరు, ఎకరంనర థాంసన్ సీడ్‌లెస్ (గింజల్లేని ద్రాక్ష రకం), పందిరి మీద, నాటి ఆరేండ్లయితంది. పోయినేడు ఎకరానికి తొమ్మిది టన్నుల దాక తెంపినం, ఈసారి నాలుగొస్తె గొప్ప అన్నట్టున్నది. 2025 అక్టోబర్ 9న కత్తిరించిన, చిగుర్లు మంచిగనే ఇడిసినయ్, సరిగ్గ ఇరవై దినాలకు మొంథా వచ్చి పగలూ రాత్రి కొట్టింది, వరంగల్‌ల కాలనీలు మునుగుడు మీరంత చూసిన్రు గదా, మా తోటల మోకాళ్ల దాక నీళ్లు. తెరిపియ్యంగనే మందు కొట్టిన. మా నాయినేమో వాన తిన్నదిర పంట, ఇంకేముంది అంటుండు. నాకు గట్ల అనిపిస్తలేదు, ఎందుకంటే ఆ వానకు ముందు గూడ గుత్తులు పల్చగనే కనవడ్డయ్. ఇంకో నెలల కోత. తెల్సినోళ్లు చెప్పుండ్రి.

మిర్చి_బాబాయ్:
ఓరుగల్లు గడ్డ మీద ద్రాక్ష పెట్టినవ్ సూడు, నీ ధైర్యానికి దండం తమ్మీ 😄 నా మిర్చి గూడ గదే వానకు వేరు కుళ్లి సగం పాయె. ఎనుమాముల మార్కెట్‌కు ఈసారి ఖాళీ బస్తాలు మోసుడే.

శామీర్‌పేట_పాతతోట:
తమ్మీ నీ అనుమానమే కరెక్ట్. మీ నాయిన రెండు లెక్కలు ఒక్కటి చేస్తుండు. ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు గదా, ఏప్రిల్‌ల ఒకటి, అక్టోబర్‌ల ఒకటి. అక్టోబర్ కత్తిరింపుకు వచ్చే గుత్తి అక్టోబర్‌ల పుట్టది, ఏప్రిల్ కత్తిరింపు అయినంక నలబై, అరవై రోజుల మధ్యల కొత్త పుల్ల మీది కన్నుల (మొగ్గల) లోపట తయారైతది. ఆ దినాలల్ల ఎండ కావాలె. మొగులు పట్టి, ఆకు మీద ఆకు కమ్ముకొని కన్నుకు వెలుతురు తగలకపోతె గుత్తి కావాల్సింది నులితీగ (కాయ లేకుండ ఉత్తగ చుట్టుకునే తీగ) అయి కూసుంటది. ఇప్పుడు పోయినేడు మే యాది చేస్కో. రోహిణి కార్తెల నెత్తి మాడాలె, గానీ నైరుతి మే 24కే కేరళ తాకింది, నెలాఖరుకు మన మీదికొచ్చింది, అంతకుముందు గూడ అకాల వానలు, మొగులే. జనమంత సల్లగున్నదని సంబురపడ్డరు, నీ పంట అప్పుడే సగమైంది.

మొంథా అమాయకురాలని గాదు. వానకు ఆకు మీద నూనె మరకల్లెక్క పసుపు మచ్చలు, తిప్పి చూస్తె అడుగున తెల్ల బూజు వచ్చినయా? అది బూజు తెగులు, లేత గుత్తిని పట్టిందంటె గోధుమరంగుకు మారి ఎండిపోతది. అంటే గుత్తులు వచ్చి మాడితె వాన పాపం, అసలు రాకనే పోతె మే నెల పాపం. మాది అనాబ్-ఎ-షాహీ తోట ఉండె, ప్లాట్లయి పోయింది గానీ, ఇరవై ఏండ్లు ఇదే చూసిన.

జగిత్యాల_అగ్రి:
అన్న చెప్పింది నిజం. నాసిక్ దిక్కు రైతులు అక్టోబర్ కత్తిరింపుకు ముందే పుల్లలు ల్యాబ్‌కు పంపి, కన్ను చీల్చి మైక్రోస్కోప్ కింద ఎన్నో కన్నుల గుత్తి ఉన్నదో చూపించుకుంటరు, దాన్నిబట్టి ఎక్కడ కత్తెర పెట్టాలనో నిర్ణయం. చూడకుండ అలవాటు ప్రకారం కట్ చేస్తె గుత్తి ఉన్న కన్నే తెగి కింద పడొచ్చు.
ఇంకోటి, కొన్ని కాయలు గులాబీ రంగుకు తిరిగినయా? రాత్రి గజగజ చలి, పగలు ఎండ కొడితె థాంసన్‌ల గట్ల అయితది, రేటు కోస్తరు. వచ్చేసారి కాయ మెత్తవడక ముందే గుత్తులకు పేపర్ చుట్టు. ఇప్పటికైతె నీళ్లు ఒక్కసారి ఎక్కువ ఇయ్యకు, కాయ పగుల్తది. మార్చిల రాళ్లవాన భయం ఉంటది గదా, రిఫ్రాక్టోమీటర్‌ల (కాయల తీపి కొలిచే మీటర్) 18 దాటితె ఆశకు పోకుండ తెంపు.

శామీర్‌పేట_పాతతోట:
కోత అయినంక పదిహేను ఇరవై రోజులు చెట్టుకు రెస్ట్ ఇచ్చి ఏప్రిల్ మొదటి వారంలనే కత్తిరించు, లేట్ చేసినకొద్ది కన్ను తయారయ్యే టైం మొగులు దినాలల్లకు జరుగుతది. ఎక్కువున్న చిగుర్లు తీసెయ్, పందిరి కింద నిలవడితె నేల మీద ఎండ పొడలు కనవడాలె. ఆ దినాలల్ల యూరియా గూడ తగ్గియ్, ఏపుగ పెరిగిన పుల్ల చూడనీకె బాగుంటది గంతె.

హన్మకొండ_పందిరి:
మీ ఇద్దరికి మస్తు థాంక్స్. ఇప్పుడే పోయి లెక్కవెట్టిన. నడిమిట్ల చెట్లకు 19, 24, 21 గుత్తులు, మాడినయ్ గూడ కలిపి. రోడ్డు దిక్కు చివరి వరుసల 43, 47, 40! పక్క నుంచి ఎండ పడేది ఆ వరుసకే, వాన మాత్రం అన్నిటికి ఒక్కతీర్గనే పడ్డది. నడిమిట్ల కొమ్మకొమ్మకు నులితీగలే. నాయినను తోల్కపోయి చూపించిన, జరసేపు ఏం మాట్లాడలే, తర్వాత "గా చిగుర్లు తియ్యొద్దన్నది నేనే గదరా" అన్నడు. యూరియా సంగతి నేను ఇంక చెప్పలే, అది నేనేసిందే.