సమస్యాపూరణం: "కాకిభాషలోనఁ గావు లేదు"

నిర్వాహకులు (మైలాపూరు)

కవిమిత్రులకు నమస్కారం. ఈ పక్షం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

*కాకిభాషలోనఁ గావు లేదు*

ఐదూ సూర్యగణాలే (గురువు-లఘువు ఉండే గలం, లేదా మూడు లఘువుల నగణం). యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) కా–గా. మిగతా మూడు పాదాలు మీరు పూరించాలి. పద్యంతో పాటు, కాకికి కొత్తగా ఒక భాష కల్పిస్తున్నట్టు, మీరు కట్టిన మాట ఒక్కటైనా, కట్టిన పద్ధతితో సహా రాయాలి. తెలుగు మాట తీసేసి దాని చోట ఓ వింత శబ్దం పెట్టుకుంటూ పోతే అది భాష కాదు. అక్షరానికో 'క' తగిలించే పిల్లల క-భాష లాంటి ముసుగు మాత్రమే. ముందు కాకి ఒళ్ళు చూడండి, తర్వాత కాకి అవసరాలు, ఆ తర్వాతే మాట.

నుంగంబాకం నుంచి

*కాకి కంఠమందుఁ గాదు రొమ్మున నుండు*
*నాదయంత్ర మెదుట నాల్క బిరుసు*
*పెదవి లేక 'వు' నెటు బిగియించి పలుకును?*
*కాకిభాషలోనఁ గావు లేదు*

పక్షి స్వరం మనలా గొంతు పైభాగంలో పుట్టదు. ఊపిరిగొట్టం రెండుగా చీలే చోట, రొమ్ములో పుడుతుంది. కాకి పాటపక్షుల వర్గానిదే కనుక ఆ యంత్రానికి రెండు పక్కలు, రెంటికీ వేరు కండరాలు. పెదవులు లేవు కాబట్టి ప ఫ బ భ మ పోయాయి. ఉ ఊ ఒ ఓలకు పెదవులు గుండ్రం కావాలి, అవీ పోయాయి. 'వ' దంత్యోష్ఠ్యం: పళ్ళూ కావాలి, పెదవీ కావాలి, కాకికి రెండూ లేవు. 'కావు'లో చివరి అక్షరం హల్లూ అచ్చూ రెండూ మన నోటివే.

నేను ఉంచుకున్నవి: హల్లులు క గ ర హ, అచ్చులు అ ఇ ఎ, ఒక్కోటి హ్రస్వం, దీర్ఘం. 4 × 6 = 24 అక్షరాలు. శ్రుతి మూడు రకాలు (ఎక్కేది, దిగేది, నిలిచేది) కలిపితే 72. రెండక్షరాల మాటలు 72 × 72 = 5184. నిఘంటువుకు ధారాళంగా చాలు.

మాటలు: నిలిచే శ్రుతిలో కా = ఇక్కడున్నాను. ఎక్కే శ్రుతిలో కా = ఎక్కడున్నావు?

నిర్వాహకులు

పద్యం నిర్దోషంగా ఉంది. మూడో పాదం ప్రశ్నతో ముగిసింది కనుక 'పలుకును' తర్వాత 'కాకి'ని 'గాకి' చేయనక్కర లేదు. పె–బి యతి సరిపోయింది. 'నాల్క బిరుసు' అన్న రెండు మాటల్లో శరీరశాస్త్రం ఇమిడింది.

లెక్క మాత్రం కాగితం మీద లెక్క. 5184లో పది శాతం కూడా వాడకండి. మెరీనా గాలిలో, సాయంత్రం చెట్టు మీద వందల కాకులు ఒక్కసారి అరిచే వేళ, హ్రస్వ దీర్ఘాల తేడా మొదట పోతుంది, తర్వాత మాట చివర పోతుంది. శ్రుతి కొంత నిలుస్తుంది. ప్రాణం మీదికొచ్చే మాటలకు శ్రుతీ, మొదటి హల్లూ రెండూ వేరుగా ఉండాలి.

పెరంబూరు నుంచి

ఆర్యా, ఒక సందేహం. కొండగోరింక, రామచిలుక మన మాటలు పలుకుతాయి, 'మ' కూడా వినిపిస్తుంది. వాటికీ పెదవులు లేవు కదా! 'పెదవి లేక ఎటు పలుకును' అన్న వాదం నిలుస్తుందా?

నుంగంబాకం నుంచి

నిలుస్తుంది, కానీ మీరు అడిగినది న్యాయమే. ఆ పక్షులు 'మ'ను పెదవులతో చేయవు. పెదవులు మూసి తెరిచినప్పుడు శబ్దం ఎలా మారుతుందో ఆ మార్పును నాదయంత్రంతో, గొంతుతో, నాలుకతో అనుకరిస్తాయి. చిలుకకు కండగల నాలుక ఉంది, కాకికి అదీ లేదు. అనుకరించగలిగిన ప్రతి ధ్వనినీ సొంత భాషలో పెట్టకూడదు. రోజుకు వందసార్లు పలికే మాట తక్కువ శ్రమతో రావాలి.

తాంబరం నుంచి

నాది నిరోష్ఠ్య (పెదవులతో పలికే అక్షరాలు లేని) ప్రయత్నం. మొదటి మూడు పాదాల్లో పవర్గం, వ, ఉ ఊ ఒ ఓ ఏవీ లేవు.

*అన్నరాశి గాంచి యన్నలఁ జెల్లెళ్ళఁ*
*జేరఁ గేక లిడిన చిట్టి కాకి*
*గాలి యెదకి దించి కా యని యరచెగా*
*కాకిభాషలోనఁ గావు లేదు*

మాటలు: గెహ = మెతుకులు వేసే మనిషి, గెర = రాయి విసిరే మనిషి.

నిర్వాహకులు

అమ్మా, చాలా సంతోషం. మనకు దగ్గరి కంచితో ముడిపడిన దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడు ఇలాగే ఓష్ఠ్యాలు లేకుండా తన కథ చెబుతాడు. ప్రియురాలి పంటిగాట్లకు పెదవి నొచ్చింది కనుక. అక్కడ పెదవికి గాయం, ఇక్కడ పెదవే లేదు. సమస్య పాదంలో భా, లో, వు, దు ఉన్నాయి కాబట్టి నిరోష్ఠ్యం మూడు పాదాలకే సాధ్యం.

రెండు సవరణలు. 'ఎదకి' వాడుక రూపం. పద్యంలో 'ఎదకు' కావాలి, కానీ 'కు' ఓష్ఠ్యం. ఇక్కడ మీరు ఇరుక్కుని వ్యాకరణం వదులుకున్నారు. పైగా అర్థం కూడా తిరగబడింది: గాలి లోపలికి తీసేటప్పుడు కాదు, బయటికి తోసేటప్పుడు అరుపు వస్తుంది. *గాలి నెట్టి నెట్టి కా యని యరచెగా* అంటే రెండూ సర్దుకుంటాయి. గణాలు తప్పవు, నిరోష్ఠ్యం చెడదు.

పట్టుబట్టి చూస్తే న, ద దంత్యాలు. పళ్ళు లేని కాకికి అవీ చెల్లవు. అంత కచ్చితంగా పోతే పద్యానికి క, గ, ర, హ లాంటి కొన్నే మిగులుతాయి, కాబట్టి పద్యానికి మినహాయింపు ఇస్తున్నాను. నిఘంటువుకు ఇవ్వను.

మనుషులకు రెండు మాటలు పెట్టడం చాలా సబబు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ బృందం ముసుగులు తొడుక్కుని అమెరికా కాకులను పట్టి వదిలింది. తర్వాత ఏళ్ళ తరబడి ఆ ముసుగు కనిపిస్తే చాలు, కాకులు మూకగా అరిచాయి. ముఖం గుర్తుపెట్టుకునే జీవికి 'మనిషి' అన్న ఒక్క మాట చాలదు. కానీ గెహ, గెర రెండింటికీ తేడా చివర్లో ఉంది, గాలి తినేసేది అక్కడే. తేడా మొదటికి తెండి: గెహ, కిర్ర.

తాంబరం నుంచి

సవరణ శిరోధార్యం గురువు గారూ. కిర్ర ఖాయం.

వేళచ్చేరి నుంచి

'కావు'ను క్రియగా తీసుకున్నాను: 'అవి కావు' అనే అర్థంలో.

*తిండి యిచటఁ గలదు తీయఁగా రారండి*
*పిల్లి వచ్చె నెగిరి వెళ్లుఁ డనును*
*ఉన్న దొకటె చెప్పు నొట్టిమాటలు లేవు*
*కాకిభాషలోనఁ గావు లేదు*

పిల్లికి గర్ గర్ గర్, గద్దకు కీ.

నిర్వాహకులు

ఈ పక్షం నాకు బాగా నచ్చిన విరుపు ఇది. వ్యతిరేకార్థక క్రియే లేని భాష! అయితే రూపకర్తగా ఒక చిక్కు విప్పాలి: 'పిల్లి వెళ్ళిపోయింది, భయం లేదు' ఎలా చెబుతారు? 'లేదు' లేకపోతే 'నిమ్మళం' అనే విడి మాట కట్టాలి. వ్యతిరేకం తీసేసిన ప్రతిచోటా కొత్త మాట పుట్టించాల్సి వస్తుంది. పది జంటలు రాసి చూసుకోండి, నిఘంటువు ఎంత పెరుగుతుందో తెలుస్తుంది.

పిల్లి మాట సరే. గరుకుగా తెగి తెగి వచ్చే అరుపు ఎక్కడి నుంచి వస్తోందో చెవికి ఇట్టే దొరుకుతుంది, తోటివాళ్ళు అక్కడికి మూగుతారు. గద్ద మాట మార్చాలి. పీటర్ మార్లర్ చిన్న పిట్టల హెచ్చరికల్లో చూపించినది ఇదే: పైనుంచి డేగ వస్తే సన్నగా, హెచ్చు శ్రుతిలో, మెల్లగా మొదలై మెల్లగా ఆగే కూత. అరిచినది ఎక్కడుందో డేగకు అందదు. 'కీ'లో క్ గట్టిగా పేలుతుంది, జాడ చెప్పేస్తుంది. హీ పెట్టండి.

పెరంబూరు నుంచి

*కోయిల పిల్లకుఁ గూడు పెట్టెడు కాకి*
*కాచుఁ గంటి రెప్ప కరణి నదియె*
*అడుగకుండఁ గాచు నా దయ గలదిగా*
*కాకిభాషలోనఁ గావు లేదు*

కావు = కాపాడు. అడగకుండానే కాచేవారి దగ్గర ఆ ప్రార్థనకు మాట ఉండదని భావం.

నిర్వాహకులు

భావం గొప్పగా ఉంది. మొదటి పాదం గణభంగం: 'కోయి' గలం సరే, తర్వాత 'లపిల్ల' జగణం (లఘువు-గురువు-లఘువు), సూర్యగణం కాదు. *పికము పిల్లకైనఁ బెట్టు నన్నమ్మును* అనండి. పి–బె యతి కుదురుతుంది.

కోయిలకు కాకిభాషలో మాట కట్టలేదేం? 'కూ' అని పెట్టకండి, ఊ మన పెదవులది.

వేళచ్చేరి నుంచి

ఆర్యా, సమస్య పాదంలో 'కావు' సంధిలో 'గావు' అయింది. జాతరలో పట్టే గావు వేరే మాట కదా, విన్నవారు తికమకపడరా?

నిర్వాహకులు

ద్రుతం (మాట చివరి నకారం) మీద పరుషం (క) సరళం (గ) అయింది, తెలుగులో తప్పదు. అరసున్న చూసి చదువరి పోల్చుకుంటాడు. కానీ కాకికి అరసున్న లేదు! మీరు కట్టే భాషలో క, గ రెండూ విడి హల్లులుగా పెట్టి, పైన ఇలాంటి సంధి కూడా పెడితే 'కర' అనే మాటా 'గర' అనే మాటా వాక్యం మధ్యలో ఒకటైపోతాయి. సంధి సూత్రం రాసిన వెంటనే నిఘంటువులో క–గ జంటలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఢీకొన్న జంటలో ఒక మాట మార్చండి, లేదా సంధి వదిలేయండి. చిన్నయసూరి నీతిచంద్రికలో కాకి పేరు లఘుపతనకం. ఘు, ప రెండూ ఓష్ఠ్యాలే, తన పేరు తానే పలకలేదు. దాని నేస్తం ఎలుక పేరు హిరణ్యకుడు. చివరి 'డు'తో పాటు 'కు'లోని ఉకారం కూడా తీసేసి 'హిరణ్యక' అంటే అందులో ఓష్ఠ్యం మిగలదు.

వచ్చే పక్షం సమస్య, మళ్ళీ ఆటవెలది నాలుగో పాదమే:

*గజము పలుకు పలుకు ఘంట వినదు*

1984లో కేటీ పేన్ పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో ఏనుగుల దగ్గర నిలబడి గాలిలో అదురు గమనించారు. ఆ పలుకుల్లో మూలస్వరం 20 హెర్ట్జ్ కంటే కిందికి దిగుతుంది, మన చెవికి అందదు. కిలోమీటర్ల దూరం పోతుంది. అంత మంద్రంలో పొట్టి అక్షరాలు ఇమడవు: సెకనుకు పదిహేను అదుర్లయితే, సెకనులో పదోవంతు ఉండే హ్రస్వానికి ఒకటిన్నర అదురే దక్కుతుంది. మాటలు సాగదీసి, కొద్దిగా కట్టండి. ఏనుగుకు పెదవి ఉంది, తొండమూ ఉంది, 'మ' వాడుకోవచ్చు. పూరణలు అమావాస్య లోపు పంపండి.