సెకండ్ యాక్ట్‌లో ప్రతిసారీ ఆగిపోతున్నా, ఇంకా ఏం చదవాలి?

సగంస్క్రిప్ట్: రెండేళ్లుగా స్క్రీన్‌ప్లే నేర్చుకుంటున్నా అండి. త్రీ యాక్ట్ (కథని మొదలు, మధ్య, ముగింపు అని మూడు భాగాలు చేయడం), ప్లాట్ పాయింట్ (కథ మలుపు), క్యారెక్టర్ ఆర్క్ (పాత్రలో వచ్చే మార్పు), అన్నీ నోట్స్ రాసుకున్నా. 30వ పేజీ దాకా బానే వస్తుంది, 45 దగ్గరకొచ్చేసరికి బండి కదలదు, మూడు స్క్రిప్టులు అలాగే పడున్నాయి. ఇంకో పుస్తకం చదవాలా, లేక ఇది నా వల్ల కాదా?

కత్తెర: పుస్తకాలు పక్కన పెట్టి మీ సీన్ ఆర్డర్ (సీన్ల వరుస లిస్టు) తీయండి. రెండు సీన్ల మధ్య ఏ మాట పడుతుందో చూడండి, "ఆ తర్వాత" పడితే అక్కడ కథ లేదు, "అందుకని" లేదా "కానీ" పడాలి. ఇదేం కొత్త కిటుకు కాదు, ఒకదాని తర్వాత ఒకటి జరగడం వేరు, ఒకదాని వల్ల ఇంకోటి జరగడం వేరు అని అరిస్టాటిల్ 2300 ఏళ్ల కిందటే చెప్పేశాడు, మనమే పేజీ నంబర్లు పట్టుకుని కూర్చున్నాం.

పాతరీలు: పేజీ నంబర్లూ అవసరమే బ్రో. స్క్రీన్‌ప్లే మీద పుస్తకం రాసిన సిడ్ ఫీల్డ్ 1979లో చెప్పిన లెక్క 120 పేజీలకి, అందులో 60 సెకండ్ యాక్టే, అంటే సగం సినిమా. అంత దూరం ఒక్క దూకుతో ఎవరూ దాటలేరు. స్క్రీన్‌ప్లే టీచర్ ఫ్రాంక్ డేనియల్ పద్ధతిలో మొత్తం సినిమాని 8 సీక్వెన్సులు (కొన్ని సీన్లు కలిసిన చిన్న భాగాలు) చేసుకోండి, సెకండ్ యాక్ట్‌కి నాలుగొస్తాయి, ఒక్కోదానికి ఒక చిన్న గోల్ పెట్టుకుంటే చాలు.

కత్తెర: గోల్ సరే, సీన్‌లో అది కనపడాలిగా. అన్న ఇల్లు అమ్మడానికి చెల్లెలి సంతకం కోసం వచ్చాడనుకోండి. "సంతకం పెట్టు" అని అడిగితే రెండు డైలాగుల్లో సీన్ అయిపోతుంది. అదే వాడు వచ్చీరాగానే కారుతున్న కుళాయి బాగుచేయడం మొదలెట్టాడు, ఆమె స్పానర్ అందిస్తూ "ఎప్పుడూ లేంది ఇవాళేంటి?" అంది. కాగితాలు వాడి బ్యాగులోనే ఉన్నాయి, మనకి తెలుసు, ఆమెకి తెలీదు. ఇప్పుడు ఆ కుళాయి ఎంతసేపు బిగించినా చూస్తాం.

సగంస్క్రిప్ట్: రాత్రి కూర్చుని చూశా. సెకండ్ యాక్ట్‌లో రాసిన 14 సీన్లలో 9 "ఆ తర్వాత" బాపతే 🤦 అందులో నాకు బాగా నచ్చిన వాన సీన్ కూడా ఉంది, తీసేస్తే కథకి ఏమీ కాలేదు, అదే బాధ.

పాతరీలు: డిలీట్ చేయకండి, వేరే ఫైల్‌లో పడేయండి. హీరో ఆ వానలో ఎవరి నుంచి ఏం దాస్తున్నాడో తెలిసిన రోజు మళ్లీ తీద్దురు.