అద్దె ఇంట్లో ఉండేవారికి కుక్కను దత్తత ఇవ్వరాదన్న నియమం సబబేనా?

నీలిగన్నేరు (చర్చ ప్రారంభం)

తార్నాకలోని మా ఇంట్లో నాలుగు నెలలుగా ఒక ఆడకుక్క ఉంటోంది. వయసు రెండేళ్లు ఉండవచ్చు. ఏదో బండి గుద్ది తుంటి ఎముక విరిగితే ఒక షెల్టర్ వారు తెచ్చి వైద్యం చేయించి, దానికి శాశ్వతంగా ఒక ఇల్లు దొరికేదాకా ఉంచుకోమని మాకు అప్పగించారు. ఒంటి రంగును బట్టి జొన్న అని పిలుస్తున్నాము. మొదటి పది రోజులు అది దివాన్ కింద నుంచి బయటికి రాలేదు. పెరుగన్నం గిన్నె లోపలికి తోసి మేము పక్క గదిలోకి వెళ్లిపోతేనే తినేది. నున్నటి టైల్స్ మీద వెనక కాలు జారుతోందని వంటగది నుంచి గుమ్మం దాకా గోనెసంచులు పరిచి దారి వేశాము. ఇప్పుడు గేటు చప్పుడును బట్టి వచ్చింది ఎవరో గుర్తుపడుతోంది కానీ, కుక్కరు మూడో విజిల్‌కు మాత్రం ఇంకా దివాన్ కిందికే పోతుంది.

దీనిని తీసుకోవాలని ఒక దంపతులు వరుసగా ఐదు ఆదివారాలు వచ్చారు. ఇద్దరూ ఉద్యోగులే, ఒకరు ఇంటి నుంచే పనిచేస్తారు. మూడో ఆదివారానికి జొన్న ఆ అమ్మాయి చెప్పుల మీద తల పెట్టుకుని పడుకుంది. దత్తత దరఖాస్తులో ‘సొంత ఇల్లా, అద్దె ఇల్లా’ అన్న గడిలో వారు ఉన్నది ఉన్నట్టు రాశారు. మరునాడే తిరస్కరణ వచ్చింది. అద్దెవారికి ఇవ్వకపోవడం తమ నియమమని షెల్టర్ వారు మర్యాదగానే చెప్పారు.

ఆరేళ్లుగా మా ఇంటికి వచ్చి వెళ్లిన కుక్కల్లో నాలుగు తిరిగి వచ్చాయి. ఒకటి కోడలికి కాన్పు అయినందుకు, ఒకటి అబ్బాయి అమెరికా వెళ్లినందుకు, మిగిలిన రెండూ ఊరి నుంచి వచ్చిన పెద్దాయన ‘ఇంట్లో కుక్కేమిటి’ అన్నందుకు. నాలుగూ సొంత ఇళ్ల నుంచి వచ్చినవే. అందుచేత ఇల్లు ఎవరి పేరున ఉందన్న దాని కన్నా, ఆ ఇంట్లో చివరి మాట ఎవరిదన్నదే అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాతకాపు

నీలిగన్నేరు గారూ, ఆ నియమం ఎక్కడ పుట్టిందో దగ్గర నుంచి చూసినవాడిగా రాస్తున్నాను. ఉద్యోగ విరమణ తరువాత ఎనిమిదేళ్లుగా వారానికి మూడు రోజులు ఒక షెల్టర్‌లో దత్తత కాగితాలు చూస్తున్నాను. ఏటా మే, జూన్ నెలలు వస్తే మాకు గుండె దడ. పిల్లల బడులు మారతాయి, బడితో పాటు ఇల్లు మారుతుంది, కొత్త ఇంటి యజమాని కుక్క కుదరదంటాడు, సామాను లారీ ఎక్కుతుండగా మాకు ఫోను వస్తుంది. ఆ ఫోను చేసేవారైనా నయమే. రెండేళ్ల క్రితం మా గేటుకు రాత్రి పూట ఒక మగకుక్కను కట్టేసి వెళ్లారు. పక్కనే స్టీలు గిన్నె, క్యారీ బ్యాగులో టీకాల పుస్తకం పెట్టారు. పుస్తకంలో పేరున్న పేజీ చింపి ఉంది. తెల్లారి మేము చూసేసరికి గిన్నెలోని తిండి ముట్టలేదు, బండి వెళ్లిన మలుపు వైపే చూస్తూ నిలబడి ఉంది.

అటువంటి మనిషిని పట్టుకున్నా చేయగలిగింది ఏముంది? జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం దాని 11వ సెక్షన్ ప్రకారం నేరమే, కానీ మొదటిసారి తప్పుకు జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా 50 రూపాయలకు మించకుండా ఉంటుంది. అందులో కనీస జరిమానాకు ఈ రోజు ఒక ఇరానీ చాయ్ కూడా రాదు. చట్టం అంత పలుచగా ఉన్నప్పుడు దరఖాస్తే గట్టిగా ఉండాలి. మీరు చెప్పిన దంపతులు మంచివారే కావచ్చు, కానీ మా దగ్గరికి వచ్చే వందమందిలో మంచివారెవరో ఐదు ఆదివారాలు కూర్చుని కనిపెట్టే తీరిక మాకు లేదు. పదిమంది మనుషులు, రెండు వందల కుక్కలు ఉన్నచోట నియమం మొరటుగానే ఉంటుంది.

కూకట్‌పల్లి కిరాయిదారు

పాతకాపు గారు చెప్పిన ఆ మే నెల ఫోను ఒకప్పుడు నేనూ చేయబోయినవాడినే కనుక, దాచకుండా చెప్తాను.

మూడేళ్ల క్రితం కుక్కను తెచ్చుకునేటప్పుడు ఇంటి యజమానిని అడిగితే ‘చిన్నదేగా, ఉంచుకోండి’ అన్నారు. అది నోటిమాట. ఏడు నెలల తరువాత పై అంతస్తువారు మెట్ల మీద వెంట్రుకలు పడుతున్నాయని ఫిర్యాదు చేశారు, నెల రోజుల్లో ఖాళీ చేయమన్నారు. అపార్టుమెంటు సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించరాదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం ముద్రించి పట్టుకెళ్లాను. సంఘం కార్యదర్శి చదివి ఒప్పుకున్నారు కానీ, మా యజమాని మాత్రం ‘సంఘం సంగతి నాకెందుకు, ఇల్లు నాది’ అన్నారు. ఆయన్ను ఆ కాగితం ఏమీ చేయలేదు. పద్నాలుగు ఇళ్లు చూశాము. కుక్క ఉందనగానే ఆరింటిలో తాళం కూడా తీయలేదు. ఆ నెలలో ఒక రాత్రి షెల్టర్ నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను.

పదిహేనో ఇల్లు దొరికినప్పుడు అద్దె ఒప్పందంలో ‘ఒక పెంపుడు కుక్కతో సహా’ అన్న మాట రాయించుకున్నాను, అందుకు ఒక నెల అడ్వాన్సు ఎక్కువ కట్టాను. ఒప్పందం 11 నెలలది. కుక్క బతికేది పన్నెండు, పదమూడేళ్లు. ఈ రెండు లెక్కలకూ మధ్య ఉన్న తేడాయే పాతకాపు గారి భయమని నాకు తెలుసు. అయినా ఆ నియమం వల్ల జరుగుతున్నది ఒకటి చెప్పాలి. నా స్నేహితుల్లో ఇద్దరు తమ మేనమామ ఇంటి చిరునామా రాసి, ఆ ఇల్లు చూపించి కుక్కను తెచ్చుకున్నారు. అందులో ఒకటి దీపావళి రాత్రి టపాసులకు బెదిరి గోడ దూకి పోయింది. దొరికినవారు మెడపట్టీ చూసి షెల్టర్‌కు ఫోను చేస్తే, షెల్టర్ వారు మేనమామకు చేశారు. ఆయన ఆ సమయంలో కర్నూలులో ఉన్నారు. కుక్క తిరిగి ఇల్లు చేరడానికి నాలుగు రోజులు పట్టింది. నిజం రాసినవారిని తిప్పి పంపుతూ పోతే, దరఖాస్తుల్లో మిగిలేవి సొంత ఇళ్లు కావు, మేనమామల ఇళ్లు.

హనుమకొండ పశువైద్యుడు

ఇల్లు అద్దెదా సొంతదా అన్నదాని జోలికి పోకుండా, తిరిగి వచ్చే కుక్కల గురించి నా బల్ల మీద నుంచి కనిపించేది రాస్తాను. చాలామంది మొదటి నెలలోనే చేతులెత్తేస్తారు. కారణం ఇల్లు కాదు, తెలియకపోవడం. షెల్టర్ నుంచి వచ్చిన కుక్క ఇంట్లో మూత్రం పోస్తుంది, తలుపు గీకుతుంది, తినదు. కుక్కలను చేరదీసేవారు ‘మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు’ అని ఒక లెక్క చెప్తుంటారు. బెదురు తగ్గడానికి మొదటిది, ఇంటి వేళలు అలవాటు కావడానికి రెండోది, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడోది. ఇది శాస్త్రం కాదు, అనుభవం మీద కట్టిన లెక్క. అయినా మూడో వారం దాటకుండానే ‘మాకు పడలేదండీ’ అని తిరిగి తెచ్చేవారికి ఈ సంగతి ముందే ఎవరూ చెప్పి ఉండరు.

రెండోది ఖర్చు. ఏటా రేబిస్ టీకా, మిగతా టీకాలు, ఎండాకాలం పిడుదులు పడితే వచ్చే జ్వరం, దానికి నాలుగు వారాల మందుల కోర్సు. కుక్కపిల్లల విషయంలో ఇంకొకటి అడగాలి. ఆ ఇంట్లో ఇంతకు ముందు పార్వోతో కుక్కపిల్ల పోయిందా? ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిలుకు చావదు, బ్లీచింగ్ కావాలి. టీకాలు పూర్తికాని పిల్లను అదే వాకిట్లోకి పంపితే సొంత ఇల్లయినా ఒకటే. నేను చూసిన ఏ దరఖాస్తులోనూ ఈ ప్రశ్న లేదు.

అలాగని ‘ఊరికే కొన్నాళ్లు ఉంచుకుని చూడండి’ అంటూ ఇంటింటికీ తిప్పడం కూడా తప్పు. జొన్న లాంటి కుక్కకు చోటు మారిన ప్రతిసారీ లెక్క మళ్లీ మూడు రోజుల దగ్గర నుంచే మొదలవుతుంది.

డల్లాస్ నుంచి ఒకడు

ఇక్కడ మేము ఉండే అపార్టుమెంట్లలో కుక్కకు విడిగా డిపాజిట్టు, నెలనెలా అద్దె మీద మరికొంత కడతాము. కొన్ని జాతులకు అసలు అనుమతే ఉండదు. నాకు కుక్కను ఇచ్చిన షెల్టర్ వారు అద్దె ఇల్లా అని అడిగి ఊరుకోలేదు, అపార్టుమెంటు ఆఫీసు ఫోను నంబరు అడిగి తీసుకుని నా ఎదుటే ఫోను చేశారు. అయితే ఒక తేడా ఉంది. ఇక్కడ చాలా షెల్టర్లలో చోటు నిండితే కుక్కలను చంపేస్తారు, అందువల్ల ఇవ్వడానికి తొందరపడతారు. మన దగ్గర ఆ గడియారం లేదు కాబట్టి ఆచితూచి ఇవ్వగలుగుతున్నారేమో అనిపిస్తుంది.

పాతకాపు

మన దగ్గరా గడియారం మొదలైంది నాయనా. మామూలుగా వీధి కుక్కకు గర్భనిరోధక శస్త్రచికిత్స, టీకా చేసి చెవికి గాటు పెట్టి ఏ వీధిలో పట్టారో అక్కడే వదలాలని 2023 నాటి నిబంధనలు చెప్తాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని మినహాయించి ఆ పద్ధతినే నిలబెట్టింది. కావలసినవారు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకుని దత్తత తీసుకోవచ్చని, ఆ కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని కూడా చెప్పింది. అదే ఏడాది నవంబరు 7న మాత్రం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టిన కుక్కలను తిరిగి అక్కడ వదలరాదని, షెల్టర్లలో ఉంచాలని ఆదేశించింది. అలా వచ్చినవాటికి వెనక్కి వెళ్లే వీధి లేదు. వాటికి ఇల్లు దొరకాలి, లేదా జన్మంతా మా సిమెంటు గదే.

కనుక మేనమామల సంగతి చదివాక నా పట్టు కొంత సడలించుకుంటున్నాను. చిరునామా అబద్ధమైతే మా నియమమే మాకు అడ్డం. కానీ ముగ్గురు కుర్రాళ్లు కలిసి ఉన్న గదికి మాత్రం ఇప్పటికీ ఇవ్వను. ఒకడికి పెళ్లి కుదిరి, ఒకడికి పుణె బదిలీ అయిన రోజున ఆ కుక్క ఎవరిది?

నీలిగన్నేరు

పాతకాపు గారూ, ఆ ప్రశ్నే దరఖాస్తులో పెట్టండి. ‘మీరు లేనప్పుడు ఈ కుక్క ఎవరిది’ అని అడిగి, ఆ రెండో మనిషి చేత కూడా సంతకం చేయించండి. ముగ్గురిలో ఒకరైనా ముందుకు వచ్చి తన పేరు రాస్తే ఆ గది సంగతి వేరు, ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటే మీరు తిప్పి పంపండి. సొంత ఇంటివారికీ ఇదే పెట్టండి, వాళ్ల ఇంటి పెద్దాయన ఎదురుగా కూర్చోబెట్టి మరీ.

జొన్న విషయంలో ఒక అడుగు ముందుకు పడింది. డాక్టరు గారు చెప్పినట్టు ఇల్లిల్లూ తిప్పకూడదు కనుక, ఆ దంపతుల ఇంటిని మూడు నెలలకు తాత్కాలిక నివాసంగా రాసుకుని, గడువు తీరాక అదే ఇంటిని దత్తతగా మార్చేలా షెల్టర్ వారిని అడిగాను. ఇంటి యజమానురాలి ఉత్తరం తెస్తే చూస్తామన్నారు. ఆవిడ కింది వాటాలోనే ఉంటారు, అరవై దాటినావిడ. నిన్న వాళ్లతో పాటు మా ఇంటికి వచ్చి అరగంట కూర్చుని, జొన్న కుంటి కాలు ఒకసారి, మొహం ఒకసారి చూసి, ‘మేడ మీద ఆరేసిన బట్టలు లాగకుండా ఉంటే నాకేమీ అభ్యంతరం లేదు’ అని అక్కడే కాగితం మీద రాసిచ్చారు. బట్టల షరతుతో సహా ఆ కాగితం ఈ ఉదయం పంపాను.

పాతకాపు

సంతోషం. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ దంపతులది ఏ ఊరు? సంక్రాంతికి వెళ్తారా?

నీలిగన్నేరు

రాజమండ్రి. ప్రతి ఏడూ వెళ్తారు. రైల్లో అయితే కుక్కను ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం తీసుకుని ఎక్కించాలి, లేదా బ్రేక్ వ్యానులో పెట్టెలో పెట్టి పంపాలి. పండగ రోజుల్లో మొదటిది దొరకదు, రెండోది జొన్నకు నేను ఒప్పుకోను. కారులో తీసుకెళ్తామంటున్నారు. కుదరని ఏడాది ఆ వారం మా ఇంట్లో ఉంటుంది, గోనెసంచులు తీయలేదు.

పాతకాపు

అయితే రెండో మనిషి గడిలో మీ పేరు రాసి సంతకం పెట్టి పంపండి. ఆ షెల్టర్‌లో కాగితాలు చూసే ఆయన నాకు తెలుసు, రేపు మాట్లాడతాను.