మొండి పులిపిర్లకి హెచ్‌పీవీ వ్యాక్సిన్ పనిచేస్తుందా?

కూకట్‌పల్లి నుంచి అడుగుతున్నా. అరికాల్లో పులిపిర్లు, రెండేళ్లయింది, మూడుసార్లు క్రయో (అతి చల్లగా గడ్డకట్టించి తీసే పద్ధతి) చేయించా, శాలిసిలిక్ యాసిడ్ రాసి రాసి చర్మం ఊడింది గానీ అవి ఊడలేదు, మెట్రో మెట్లెక్కుతుంటే గులకరాయి మీద కాలేసినట్టే ఉంటది. ఇప్పుడు స్కిన్ డాక్టర్ హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేసి చూద్దామా అంటున్నారు. అది ఆడపిల్లలకి క్యాన్సర్ రాకుండా వేసేది కదా?

>> మగాళ్లకీ వేస్తారు బ్రో. పులిపిర్లు తెచ్చేదీ హెచ్‌పీవీ వైరస్సే. తిరకాసేంటంటే గార్డసిల్ 9 అనే హెచ్‌పీవీ వ్యాక్సిన్‌లో ఉండేవి ఆ వైరస్‌లో 6, 11, 16, 18 లాంటి రకాలు, అరికాలి పులిపిర్లు తెచ్చేవి ఎక్కువగా 1, 2, 4, 27, 57. అయినా కొందరికి పోయినట్టు డాక్టర్లు కేసులు రాశారు, ఇమ్యూనిటీ మేల్కొంటుందేమో అని ఊహ. ఆఫ్ లేబుల్, అంటే ఈ పులిపిర్లకని అనుమతి ఉన్న వాడకం కాదు, గ్యారంటీ లేదు.

>> నాకైతే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) వ్యాక్సినే పులిపిరిలోకి గుచ్చారు. అమ్మో ఆ నొప్పి! మూడో సిట్టింగ్ తర్వాత నల్లబడి రాలింది, సూది తగలని పక్కవి కూడా పోయినయ్. ముందు అది అడుగు, ఖర్చు చాలా తక్కువ.

>> మా నానమ్మ గుర్రం తోక వెంట్రుక కట్టమంటది 😂 అరికాలికి ఎట్ల కడతరో మరి. షుగర్ ఉంటే మాత్రం బ్లేడుతో గీకకు అన్నా.

>> షుగర్ లేదు. శనివారం అపాయింట్‌మెంట్, ఎంఎంఆర్ సంగతి అడుగుతా.