స్కిజోఫ్రెనియాలో కాగ్నిటివ్ శిక్షణ: స్కోరు పెరిగినా పనిలో మార్పు లేదు, ఎందుకు?

ప్రశ్న: క్లినికల్ సైకాలజీ స్కాలర్
భ్రమలు, భ్రాంతులు అదుపులో ఉన్న పేషెంట్లకు వారానికి మూడుసార్లు, గంట చొప్పున, 12 వారాలు కంప్యూటర్ మీద కాగ్నిటివ్ శిక్షణ (జ్ఞాపకం, శ్రద్ధ, ఆలోచనలకు సాధన) ఇస్తున్నాం. ఎంసీసీబీ (స్కిజోఫ్రెనియాలో జ్ఞాపకం, ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షల సముదాయం) స్కోరు పెరిగింది. ఇంటివాళ్లు మాత్రం కిరాణా కొట్టుకు పంపితే సగం సరుకులే తెస్తున్నారని చెబుతున్నారు. కంట్రోల్ గ్రూపు (పోల్చి చూడటానికి ఈ శిక్షణ ఇవ్వని గుంపు) లేదు. లోపం ఎక్కడ?

ట్రయల్ గణాంకాల నిపుణులు
ముందు ఆ స్కోరునే అనుమానించండి. ఎంసీసీబీలోని 10 పరీక్షల్లో కొన్నింటికి రెండోసారి కూర్చుంటే చాలు, శిక్షణ లేకున్నా మార్కులు కొంత పెరుగుతాయి. పదాల జాబితా గుర్తుంచుకునే పరీక్షకు రెండోసారి వేరే ఫారం (వేరే పదాలున్నది) వాడండి. అన్నే గంటలు మామూలు కంప్యూటర్ ఆటలు ఆడే కంట్రోల్ గ్రూపు పెట్టండి. ఎవరు ఏ గ్రూపో పరీక్ష పెట్టేవారికి తెలియకూడదు. పోలిక ఎంత ముఖ్యమో చూడండి: స్కిజోఫ్రెనియాలో ఆలోచనా శక్తిని పెంచుతుందనుకున్న ఐక్లెపర్టిన్ మందు రెండో దశ ట్రయల్‌లో ఎంతో ఆశ పుట్టించింది. మూడో దశ కనెక్స్ ట్రయల్స్‌లో ప్లాసిబోను (మందు లేని ఉత్తుత్తి మాత్రను) దాటలేకపోయిందని 2025లో తేలింది.

సైకియాట్రీ పీజీ
మందుల చీటీ చూశారా? స్కిజోఫ్రెనియా మందుల వల్ల వణుకు, బిగుతు రాకుండా మొదలుపెట్టిన ట్రైహెక్సీఫెనిడిల్ 2 మి.గ్రా. మాత్ర అవసరం తీరాక కూడా ఏళ్ల తరబడి సాగిపోతుంటుంది. అది జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనాన్ని అడ్డుకుంటుంది కాబట్టి కొత్త విషయం మనసులో నిలవదు, శిక్షణ ఫలితమూ తగ్గుతుంది. క్లోజపిన్, ఒలాంజపిన్‌లకూ ఈ గుణం ఉంది, అన్నీ కలిపి లెక్కించాలి. కానీ ఇంట్లోవాళ్లు దాన్ని సొంతంగా ఆపకూడదండి. ఒక్కసారిగా మానేస్తే వికారం, చెమటలు, నిద్రలేమి, మళ్లీ బిగుతు వస్తాయి. డాక్టరే మెల్లగా తగ్గించాలి. మోతాదు మారిన తేదీలు డేటాలో రాసిపెట్టండి, లేకపోతే ఫలితం శిక్షణదో మందు తగ్గించడానిదో విడదీయలేరు.

పునరావాస థెరపిస్ట్
అసలు లోటు ఇక్కడుందనిపిస్తోంది: కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వదిలేస్తున్నారు. 2021లో ఇటలీ పరిశోధకుడు వీటా బృందం ఇలాంటి శిక్షణపై జరిగిన 130 ట్రయల్స్‌ను కలిపి చూసింది. శిక్షణ పొందిన థెరపిస్ట్ పక్కనుండటం, ఉపాయాలు నేర్పడం, పునరావాసంతో జోడించడం, ఈ మూడూ ఉన్నచోట ఫలితం ఎక్కువ.

గంటలో చివరి 15 నిమిషాలు కంప్యూటర్ తెర ఆపేయండి. "ఇప్పుడు ఏ ఉపాయం పనిచేసింది? కొట్టులో ఎలా వాడతారు?" అని అడగండి. ఎనిమిది సరుకులైతే పప్పులు, నూనెలు, సబ్బులు అని గుంపులు చేసి, పైకి చెప్పుకుంటూ నడవమనండి. మొదట నాలుగు సరుకులే. పదిలో ఎనిమిదిసార్లు సరిగ్గా వస్తేనే ఒకటి పెంచండి. తొందరపడి పెంచితే తప్పులు పేరుకుని, రావడమే మానేస్తారు.

కొలత కూడా అక్కడే పెట్టండి: తెచ్చిన సరుకులు, మిగిలిన చిల్లర లెక్క, శిక్షణకు ముందూ తర్వాతా.